ఊకున్న మిషనూ, కామారెడ్డి ఆపా

మొన్న నీళ్ళ మోటరు తిరగకపోతే కరెంటు పని చేసే అతన్ని పిలిచాం. బోర్డు విప్పి రెండు చేతులూ లోపల పెట్టాడు. నేను గడప మీద కూర్చుని కందులు ఏరుతున్నాను. నాకు తెలియకుండానే నోట్లోంచి మాట వచ్చేసింది.

"ఒక చెయ్యి ఎన్కకు పెట్టుకో బిడ్డా."

అతను నవ్వాడు. "నీకెవ్వరు చెప్పిండ్రు అవ్వా గీ సంగతి?"

చెప్పబోయి ఆగిపోయాను. ఆమె పేరు నాకు తెలియదు. పని మీదా, పని లేకున్నా ఆమె ఎదురుగా ఎన్నోసార్లు కూర్చున్నాను, ఆమె పోసిచ్చిన చాయ్ తాగాను. పేరు మాత్రం ఏనాడూ అడగలేదు. అందరూ ఆపా అనేవాళ్ళు, నేనూ ఆపా అన్నాను. వయసులో నాకంటే బాగా చిన్నది. అయినా ఆమెను అక్కా అని పిలవడం నాకు తక్కువతనం అనిపించలేదు. ఆమె పోయి చాలా ఏండ్లయిందని కామారెడ్డి నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. ఆ మాట విన్న రోజు ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. చదివింది మూడో తరగతే, అక్షరాలు వంకర పోయినా భావం పోదనుకుంటాను.

నేను మనుషులను తొందరగా మెచ్చే రకం కాదు. మా ఇంట్లోవాళ్ళే చెబుతారు. బాగుందని నాతో అనిపించుకోవాలంటే కూరకే చేతకాదు, మనిషికెక్కడ చేతనవుతుంది అని వాళ్ళ ఎగతాళి. అటువంటి నేను ఆపా పని చేస్తుంటే నోరు తెరుచుకుని చూశాను.

ఆమె దుకాణం కామారెడ్డిలో స్టేషనుకు పోయే దారిలో, ఒక టైలరు దుకాణానికీ సైకిళ్ళ దుకాణానికీ నడుమ ఉండేది. వాళ్ళ నాయన అక్కడ రేడియోలు బాగుచేసేవాడట. ఆయన రేడియోలను గోడకు అట్లాగే ఉంచి, వాటి కింద బల్ల మీద ఆమె టీవీలు విప్పేది. కంప్యూటర్లు వచ్చాక అవీ విప్పింది. బురఖా ముసుగు తల వెనక్కి వేసుకుని, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలను భుజంతో పైకి నెట్టుకుంటూ ఉండేది. చాయ్ తాగేసిన సాసర్లోనే మిషను మరలు పోసుకునేది. అవి కూడా ఏది ముందు ఊడితే అది ముందు, అంచు వెంబడి పేర్చేది.

పని మొదలుపెట్టే ముందు గాజులు తీసేది. గలగలా లాగి పక్కన పడేయడం కాదు. ఒక్కొక్కటే తీసి, తెల్లని చేతిరుమాలు మీద వరుసగా పెట్టేది. అన్నీ తీసేదాకా మిషను వంక చూసేది కాదు. పని అయ్యాక మళ్ళీ ఒక్కొక్కటే తొడుక్కునేది. చివరి గాజు చేతికి ఎక్కేదాకా మాట లేదు. ఎంత పెద్దమనిషి వచ్చి ఏమైందమ్మా అని అడిగినా అంతే. ఆమెకు సంగతి ముందే తెలిసిపోయి ఉంటుంది. మనమే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆ గాజుల వంక చూస్తూ కూర్చోవాలి.

కరెంటు పారుతున్నదాన్ని ముట్టేటప్పుడు ఆమె ఎడమచెయ్యి నడుము వెనక్కి వెళ్ళిపోయేది. కుడిచెయ్యి ఒక్కటే ముందుకు వచ్చేది. మొదట్లో అది పొగరనుకున్నాను. పొలం చూడవచ్చిన దొర గట్టు మీద నిలబడ్డట్టు ఉండేది మరి. ఒకసారి ఉండబట్టలేక అడిగాను. రెండు చేతులూ పెడితే కరెంటు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి దాటుతుందని, ఆ దాటే దారిలో గుండె ఉంటుందని చెప్పింది. వాళ్ళ నాయన ఆమె చిన్నప్పుడు ఎడమచేతిని పావడా బొందుకు కట్టేసి నేర్పాడట. ఇది చెబుతూ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. బిడ్డకు పని నేర్పడమంటే ఇదీ అనుకున్నాను.

ఇంకొకటి, ఆమె ముందర మిషను చచ్చిపోయిందని ఎవరూ అనగూడదు. ఒకరోజు దోమకొండ నుంచి ఒకాయన స్కూటరు మీద కంప్యూటరు మిషను తెచ్చి బల్ల మీద దించాడు.

"ఆపా, ఇది సచ్చిపోయింది."

"సస్తే నా దగ్గరికెందుకు తెచ్చినవు? తీస్కపోయి బొంద పెట్టు."

"అట్ల కాదు ఆపా."

"మరెట్ల? ఊకున్నది అను. పెండ్లాం ఊకుంటే సచ్చిపోయిందంటవా? ఎందుకు ఊకున్నదో అడుగుతవు కదా."

ఆయన తల గోక్కున్నాడు. నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను.

అడగడం అన్నది ఆమె విషయంలో ఉత్త మాట కాదు. మొదట మిషను వెనకవైపు ముక్కు పెట్టి వాసన చూసేది, అంగట్లో మనం కర్బూజ పండును చూసినట్టు. తర్వాత లోపలి సామాను ఒక్కొక్కటే విడదీసి, అతి తక్కువ సామానుతో మిషనును లేపి చూసేది. లేస్తే ఒకటి తగిలించేది, మళ్ళీ లేపేది. ఇంకొకటి తగిలించేది. ఒకేసారి రెండు మార్చేది కాదు. రెండు మారిస్తే ఏది నయం చేసిందో తెలియదనేది. ఇది నాకు బాగా నచ్చింది. పులుసు కుదరకపోతే ఉప్పూ బెల్లమూ ఒక్కసారే వేసి పాడుచేసే కోడళ్ళను చూసినదాన్ని నేను.

ఇక మా ఇంటి సంగతి చెబుతాను. మాది ఎల్లారెడ్డి. నేను బీడీలు చేసి పిల్లలను సాకాను. మా చిన్నబిడ్డ కూడా పదేండ్లు దాటగానే చాట ఒళ్ళో పెట్టుకుంది. బీడీలు చేసే ఇండ్లల్లో అదేమీ వింత కాదు. కానీ దానికి పొగాకు దుమ్ము పడలేదు. దమ్ము పట్టుకుంది. రాత్రి పడుకుంటే ఈలలాగా ఊపిరి. డాక్టరు మందులిచ్చి, పొగాకు మానకపోతే ఈ మందులు దండగ అన్నాడు. మానితే ఏం చెయ్యాలి? అది రోజూ కామారెడ్డి బస్సెక్కి పోయి, ఒక ప్రెస్సులో పెండ్లిపత్రికలు కంప్యూటరు మీద కూర్చడం నేర్చుకుంది. వేలు సన్నగా, చురుకుగా ఆడేది. బీడీ చేసిన వేళ్ళు కదా. ఆ ప్రెస్సువాళ్ళే పాత మిషనొకటి ఇచ్చి, ఇంట్లో కూర్చి పంపమన్నారు. మిషను మా ముందుగదిలోకి వచ్చిన రోజు నుంచి చాట గోడకు ఎక్కింది. నెలలు గడిచే కొద్దీ దాని ఊపిరిలో ఈల తగ్గింది. ఆ ఏడు చలికాలమంతా అది దగ్గకుండా పడుకుంటే నేను మెలకువగా ఉండి విన్నాను.

ఎండలు ముదిరాక మిషను మొండికేసింది. బటన్ నొక్కితే ఒక్కోసారి లేచేది, ఒక్కోసారి లేచేది కాదు. కొన్నాళ్ళకు అసలే లేవలేదు. లోపల టిక్కుమని చిన్న చప్పుడు, అంతే. మా వాడ కరెంటాయన వచ్చి గోడ ప్లగ్గులో టెస్టరు పెట్టాడు. టెస్టరు వెలిగింది. కరెంటు వస్తున్నది, మిషనే పోయిందన్నాడు.

మిషనును దుప్పట్లో కట్టుకుని, ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. కండక్టరు వంగి చూశాడు. "అవ్వా, గీ పోరనికి టికెట్ తియ్యవా?" అన్నాడు. ఒళ్ళో కూర్చున్నవాడికి టికెట్ ఎక్కడిదన్నాను. లింగంపేట దాటేదాకా గుంత వచ్చినప్పుడల్లా దాన్ని కడుపుకు అదుముకున్నాను.

ఆపా గాజులు తీసింది. తీగ తగిలించి బటన్ నొక్కింది. మిషను బుర్రుమని లేచింది. మా బిడ్డ సగం కూర్చిన పెండ్లిపత్రిక కూడా తెర మీద తెరిచి చూపించింది. నాకు సిగ్గయింది. ఆపా మాత్రం నవ్వలేదు. రోజంతా నడిపించింది, ఆపి లేపింది, తట్టి చూసింది. సాయంత్రం గాజులు తొడుక్కుని, దీనికేం లేదు తీసుకుపొమ్మంది.

ఇంటికి తెచ్చి తగిలించాం. టిక్కు. అంతే.

మళ్ళీ దుప్పటి, మళ్ళీ బస్సు. కామారెడ్డిలో లేచింది. ఎల్లారెడ్డిలో ఊకుంది. వాడకట్టు వాళ్ళు తలా ఒకటి అన్నారు. దిష్టి అన్నారు, గది ఈశాన్యంలో లేదన్నారు. ప్రెస్సాయన మంచివాడే. కానీ పెండ్లిళ్ళ కాలం, ఎన్నాళ్ళు ఆగుతాడు? ఇంకొకరికి పని ఇచ్చుకుంటానని కబురు పంపాడు.

మరునాడు పొద్దున చూస్తే మా బిడ్డ గోడ మీది చాట దించి తుడుస్తున్నది. బీడీల కార్ఖానా నుంచి ఆకు తెచ్చి నానబెట్టింది. పొద్దు తిరిగేసరికి దగ్గు మొదలైంది. నేను ఉత్త చేతులతో మూడోసారి బస్సెక్కాను.

మిషను లేకుండా వచ్చిన నన్ను చూసి ఆపా చేతిలో పని ఆపింది. మళ్ళీ ఊకున్నదా అని అడిగింది. అవునన్నాను. మా బిడ్డ చాట దించిందని చెప్పాను. ఆమె కాసేపు గోడ మీది రేడియోల వంక చూసింది.

"నా దగ్గర మాట్లాడుతది, మీ ఇంట్ల మాట్లాడది. అంటే దానికి మీ ఇంట్లనే ఏదో పడ్తలేదు. మిషన్‌ను తీస్కరావుడు కాదు పెద్దమ్మా, నన్ను తీస్కపో."

మరుసటి రోజు ఆమె ఎల్లారెడ్డికి వచ్చింది. చేతిలో మిషను సామాను ఏమీ లేదు. గుడ్డసంచిలో ఒక పెద్ద బల్బు, పెండ్లి పందిట్లో కట్టే రకం. దాని హోల్డరుకు రెండు తీగలు. చాయ్ ఇస్తే తర్వాత అంది. మిషను వంక చూడనైనా చూడలేదు. గాజులు మా కిటికీలో వరుసగా పెట్టి, ఎడమచెయ్యి వెనక్కి వేసి, గోడ ప్లగ్గులో ఆ బల్బు తీగలు పెట్టింది.

పందిట్లో కళ్ళు చెదిరేటట్టు వెలిగే బల్బు, మా గోడ దగ్గర పొయ్యిలో చివరి నిప్పులాగా ఎర్రగా మినుకుమంది.

మా వాడ కరెంటాయన కూడా చూడవచ్చి నిలబడి ఉన్నాడు. టెస్టరు వెలిగింది కదా ఆపా అన్నాడు. ఆయన తప్పేమీ చెప్పలేదని ఆమె అంది. టెస్టరు ఒక్క మనిషిలాంటిదట. ఒక్కడు వస్తే కుండ అడుగున ఉన్న అన్నం కూడా సరిపోతుంది. బంతి కూర్చున్నప్పుడు గదా తెలిసేది అంది. మిషను బంతి భోజనం అడుగుతున్నదట. మా ఇంటి కరెంటుకు అంత శక్తి లేదట. అప్పుడు గాని నాకు గుర్తు రాలేదు, ట్యూబ్‌లైటు కొన్నాళ్ళుగా కొట్టుకుని కొట్టుకుని వెలుగుతున్నదని. అలవాటు పడిపోయాం.

ఆపా మెయిను దగ్గరికి పోయి తీగల వెంట నడవడం మొదలుపెట్టింది. ఒక తీగ కరెంటు స్తంభం నుంచి వచ్చింది. రెండోది స్తంభానికి పోలేదు. గోడ దిగి, పెరట్లోకి పోయి, సిమెంటులో మాయమైంది.

"ఇది యాడికి పోయింది?"

"భూమిలకు," అన్నాను. ఎప్పుడో గాలివానకు స్తంభం తీగ తెగితే మా ఆయన ఇనుప కడ్డీ పాతి దానికి కట్టాడని చెప్పాను. మా వాడలో సగం ఇండ్లు అట్లాగే నడిచేవి. గిన్నెలు తోమే జాలారు పక్కన తడి నేల చూసి పాతాడు. తడి ఉంటే కరెంటు బాగా వస్తుందని అందరికీ తెలుసు.

"మరి జాలారేది?"

జాలారును అవతలి గోడ పక్కకు మార్చాం. దుమ్ము కంప్యూటరుకు పడదని ఎవరో చెబితే, మిషను వచ్చిన కొత్తలో పెరడంతా సిమెంటు పోయించాం. నా చేత్తో నీళ్ళు చల్లి గట్టిపరిచాను.

ఆమె ఆ సిమెంటు మీద నిలబడి ఆ రోజు మొదటిసారి నవ్వింది. "మిషన్ కోసమే పోసిండ్రు, దాని నోట్లనే పోసిండ్రు." కింద నేల చుక్క నీరు లేక ఎండిపోయింది. చలికాలంలో మిగిలిన తడితో మిషను నడిచింది, ఎండాకాలంలో ఆగింది. ఇంత చిన్న సంగతి. కామారెడ్డి బల్ల మీద ఎన్ని రోజులు విప్పి చూసినా దొరకని సంగతి. అది మిషనులో లేదు, మా పెరట్లో ఉంది. మనిషి ఒక తీగ వెంట నడిచి మా ఇంటి పాత గాలివాన దాకా పోయింది.

నవ్వు అంతలోనే ఆగిపోయింది. నా చేతులు చూసింది.

"పెద్దమ్మా, పాత జాలారు కాడ గిన్నెలు తోమేటప్పుడు చెయ్యి జుమ్మనేదా?"

"అనేది. వానకాలంల ఎక్కువనేది. అందరికీ అంటది కదా."

ఆపా పెరటి మెట్టు మీద కూర్చుండిపోయింది. ఆమె కూర్చోవడం చూసి మా కరెంటాయన కూడా తల దించుకున్నాడు. నేనొక్కదాన్నే ఏమీ అర్థం కాక నిలబడ్డాను. మా పిల్లలు అక్కడే స్నానం చేశారు. మా చిన్నబిడ్డ అక్కడే తడికాళ్ళతో నిలబడి తల రుద్దుకునేది.

కాసేపటికి లేచి గడ్డపార అడిగింది. నేనే పొడిచాను. నా ఇంటి సిమెంటు ఇంకొకరు పగలగొడితే చూడలేను. ముందు మెయిను ఆపించింది. కడ్డీ చుట్టూ మన్ను కనబడేదాకా పొడిచి, ఉప్పు వేసి, బకెట్లతో నీళ్ళు పోశాం. ఎండిన నేల బుసబుసమని తాగింది. అందరినీ ఇంట్లోకి పంపి, తలుపు మూసి, ఒక్కరు కూడా పెరట్లో అడుగు పెట్టొద్దని చెప్పి, మెయిను వేసింది. మా బిడ్డను పిలిచి, నువ్వే నొక్కు అంది.

మిషను లేచింది.

మా బిడ్డ కుర్చీలో కూర్చోబోయింది. తెర ఇంకా పూర్తిగా రాలేదు. ఆపా మెయిను దగ్గరికి పోయి ఠక్కున ఆపేసింది. గది చీకటి కాలేదు, పగలే. కానీ ఫ్యాను ఆగి, మిషను ఆగి, మా అందరి ఊపిరీ ఆగింది. కడ్డీకి పోయే తీగను కత్తెరతో తుంచి చుట్టచుట్టి తన సంచిలో వేసుకుంది. తర్వాత కిటికీ దగ్గరికి పోయి గాజులు తొడుక్కోవడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటే. మా బిడ్డ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. ఆపా తొందరపడలేదు.

చివరి గాజు ఎక్కాక మా బిడ్డ వంక తిరిగింది.

"చూసినవు కదా బేటీ, అది బతికే ఉన్నది. ఇగ ఇంట్లోళ్ళను బతికించుకో. స్తంభం నుంచి రెండో తీగ వచ్చేదాక ఈ ఇంట్ల దీపం పెట్టుకోండ్రి."

ఆమెతో వాదించాలన్న ఆలోచన నాకు రాలేదు. నేను ఎవరి మాటా ఊరికే వినే మనిషిని కాను. ఆ రోజు విన్నాను. కంప్యూటరును లేపడానికి వచ్చిన మనిషి, లేపి చూపించి, తన చేత్తోనే ఆపేసింది. బాగుచేశాననిపించుకుని చాయ్ తాగి పోవచ్చు. ఆ మిషను వర్షాకాలమంతా నడిచేది. మేము ఆమెను దేవతని మెచ్చుకునేవాళ్ళం. కడ్డీ వెంట తడి నేలలోకి దిగే కరెంటు కొట్టి, ఏదో ఒక రోజు జాలారు దగ్గర ఎవరో ఒకరు పడిపోయేవాళ్ళు. దానికీ మిషనుకూ సంబంధం ఉందని మాకు తట్టేది కూడా కాదు.

చాయ్ తాగింది. సాసర్లో పోసుకుని, చల్లార్చుకుని, నిదానంగా. పోతూ పోతూ మా వాడలో కడ్డీ మీద నడుస్తున్న ఇంకో రెండు ఇండ్లల్లోకి పోయి వాళ్ళనూ కేకలేసింది. వాళ్ళు నన్ను తిట్టుకున్నారు, ఈ తల్లిని ఎక్కడినుంచి తెచ్చిందని.

రెండో తీగ కోసం నేను కరెంటు ఆఫీసు అరుగు మీద కూర్చున్నాను. పొద్దున పోవడం, సద్ది అక్కడే తినడం, పొద్దుగూకాక రావడం. వాళ్ళు విసుక్కోలేదు. గాలివాన పనులు చాలా ఉన్నాయన్నారు. ఉండనీ, నేనూ ఇక్కడే ఉంటానన్నాను. ఈలోగా ఇంట్లో బిడ్డ చాట ముందు కూర్చునే ఉంది. దీపం వెలుతురులో దగ్గు ఇంకా పెద్దగా వినబడేది. ప్రెస్సాయన దగ్గరికి ఆపా తానే నడిచిపోయి, ఇంకొన్ని రోజులు ఆగమని చెప్పిందని తర్వాత తెలిసింది. మాకు చెప్పనేలేదు.

తీగ వచ్చిన రోజు మిషను ఒక్క నొక్కుకు లేచింది. మా బిడ్డ కూర్చున్నది కూర్చున్నట్టే పొద్దుగూకేదాకా లేవలేదు. చాటలో నానిన ఆకు ఇంకా మిగిలి ఉంది. నానిన ఆకు పారేసే చెయ్యి కాదు నాది. మెట్టు మీద కూర్చుని ఆ బీడీలు నేనే చుట్టేశాను. లోపల్నుంచి మిషను మీటల చప్పుడు వస్తూనే ఉంది.

మరునాడు ఆ చాటను కడిగి, బూడిదతో రుద్ది, మళ్ళీ కడిగి ఎండబెట్టి, దాంట్లో బియ్యం చెరిగాను. మంచి వెదురు చాట, పనికి రాకుండా ఎందుకు పోవాలి? అన్నంలో పొగాకు వాసన వచ్చింది. ఇంట్లో అందరూ మొహాలు చిట్లించారు. మా చిన్నబిడ్డ ఒక్కతే వంచిన తల ఎత్తకుండా తిని, ఇంకొంచెం పెట్టమ్మా అంది.